కోఠిలో బస్సు దిగితే ఆ స్తంభం దగ్గర ఆగండి

ఛత్రినాకలో బయల్దేరండి. లాల్‌దర్వాజ మహంకాళి గుడి దాటి, షాలిబండ మీదుగా నడిస్తే మక్కా మసీదు వస్తుంది. అక్కడ నిలబడండి. ఇప్పుడిది 1857 జూలై 17, శుక్రవారం.

నమాజు అయిపోయింది, అయినా జనం ఇళ్లకు పోవడం లేదు. అందరి నోటా ఒకటే పేరు, జమేదార్ చీదా ఖాన్. ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల మీద తుపాకీ ఎత్తనని వచ్చేసిన మనిషి. హైదరాబాద్‌లో తలదాచుకుందామనుకుంటే నిజాం దివాన్ సాలార్ జంగ్ పట్టించి ఇంగ్లీషువాళ్ల రెసిడెన్సీకి అప్పజెప్పాడు. అతన్ని విడిపించాలి!

తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ముందు నడుస్తున్నారు. వెనక సుమారు 500 మంది, ఎక్కువగా రొహిల్లాలు. మీరూ వాళ్లతో మూసీ దాటండి. వీళ్లను పొమ్మని నవాబు చెప్పలేదు. జీతమిచ్చి ఎవరూ పంపలేదు. సొంత సర్కారే ఇంగ్లీషువాళ్ల పక్షాన ఉందని తెలిసీ వస్తున్నారు.

పొద్దు వాలింది. పుత్లీబౌలి వైపు, రెసిడెన్సీకి ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జయగోపాల్‌దాస్ ఇళ్లలోకి చొరబడి, పైనుంచి తుపాకులు పేలుస్తున్నారు. అవతల రెసిడెంట్ డేవిడ్సన్‌కు కబురు ముందే అందింది, ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. గోడలు పెళ్లలు పెళ్లలుగా రాలుతున్నాయి. పొగలో పక్కవాడి ముఖం కనబడదు. తెల్లవారుజాము దాకా పోరాడారు. చీదా ఖాన్ మాత్రం బయటికి రాలేదు.

తుర్రేబాజ్ ఖాన్ దొరికిపోయాడు. యావజ్జీవ ప్రవాస శిక్ష పడితే జైలు నుంచి తప్పించుకున్నాడు. తల మీద వెల కట్టి వెతికారు. 1859లో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని తెచ్చి నగరంలో అందరూ చూసేలా వేలాడదీశారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు.

ఇక కళ్లు తెరిచి చూడండి. ఇది కోఠి. ఆ రెసిడెన్సీలోనే 1949 నుంచి మన ఆడపిల్లలు చదువుకుంటున్నారు. దగ్గర్లోనే, బస్సుల రొదలో, 1857 వీరుల స్మారక స్తంభం ఉంది. రోజూ వేలమంది దాని పక్కనుంచే పోతుంటారు.

సిపాయిల తిరుగుబాటంటే మీరట్, ఝాన్సీ, లక్నో అని బళ్లో చదువుకున్నాం. మన ఊరి పేరు అందులో చేరాలి. ఈసారి పిల్లలతో కోఠి వెళ్తే పుస్తకాలు కొనేముందు స్తంభం చూపించండి. తుర్రేబాజ్ ఖాన్ ఎవరో మీ నోటితోనే చెప్పండి.