పొలిటికల్ సైన్స్ చదివి ఏం చేస్తవ్? బోధన్ చక్కెర చెప్పే జవాబు

డిగ్రీలో పొలిటికల్ సైన్స్ తీసుకుంటానంటే ఇంట్లో మొదట అడిగేది ఇదే: "అది చదివి ఏం చేస్తవ్ రా?" జవాబు మన నిజామాబాద్ జిల్లా చరిత్రలోనే ఉంది. చూద్దాం.

1931లో మంజీరా మీద నిజాంసాగర్ పూర్తయింది. నీళ్లొచ్చాయి, చెరకు పెరిగింది. ఆ చెరకును నమ్ముకుని 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటి. మరి 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు ఎందుకు పోయింది? 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ఎందుకు పడింది? ప్రభుత్వం ఫ్యాక్టరీ నడపాలా వద్దా? క్లాసులో ఈ చర్చ పేరు పబ్లిక్ పాలసీ.

ఇంకో అడుగు ముందుకేద్దాం. చెరకు కనీస ధర ఢిల్లీ నిర్ణయిస్తది. మన చక్కెర సబ్సిడీలు నిబంధనలకు విరుద్ధమని 2019లో బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. 2021లో ప్యానెల్ మనకు వ్యతిరేకంగా చెప్పింది. మనం అప్పీలుకు పోయాం. తీరా చూస్తే అప్పీలు వినే బెంచిలో జడ్జిలే లేరు! కొత్త నియామకాలకు అమెరికా అడ్డుపడింది మరి. ఇంటర్నేషనల్ రిలేషన్స్ అంటే ఇదే. బోధన్ చెరకు చేను దాకా వస్తది.

అదే 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది పోటీ చేశారు. అందులో 170 మందికి పైగా రైతులే. గెలుద్దామని కాదు, పసుపు, ఎర్రజొన్న ధర గోడు దేశానికి వినిపిద్దామని. 2025లో జాతీయ పసుపు బోర్డు ఆఫీసు నిజామాబాద్‌కే వచ్చింది.

ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను. గ్రూప్స్, లా, జర్నలిజం దారులైతే ఉన్నాయి. కానీ మూతపడ్డ ఫ్యాక్టరీ గురించి ఎవరిని, ఏ కాగితం పట్టుకుని అడగాలో నేర్పే చదువు మాత్రం ఇదే.