ఉపచారకుల నెన్నుకొనుట యెవరి పని?

వైద్యుడు రోగిని దినమున కొకమారు చూచిపోవును. ఉపచారకుడు రేయింబవళ్లు చెంతనే యుండును. చిత్తరోగుల శాలలలో జరిగిన మేలునకును గీడునకును ఉపచారకుని స్వభావమే ముఖ్యకారణమని చరిత్ర చెప్పుచున్నది. అట్టివానిని నియమించునపుడు వాని చేతిలో బ్రదుకవలసినవారి మాటకు తావుండవలదా?

ఈ ప్రశ్నకు మూలములు ప్రాతవి. 1771లో జాన్ బాప్తిస్త్ ప్యుసాఁ యనునాతడు గండమాల వ్యాధితో పారిసు చెంతనున్న బిసేత్ర్ శాలలో జేరెను. వ్యాధి కుదిరిన పిమ్మట నచ్చటనే కొలువు సంపాదించి, క్రమముగా ఉన్మత్తుల విభాగమున కధికారి యయ్యెను. రోగులను గొట్టరాదని యాతడు శాసించెను; కోలుకొన్న రోగులనుండియే యుపచారకుల నేరుకొనెను. 1793లో నచ్చటికి వైద్యుడుగా వచ్చిన పినెల్ పండితు డీ పద్ధతిని జూచి నేర్చుకొనెను. 1797లో నా శాలలోని ఉన్మత్తుల సంకెళ్లను దొలగించినవాడు ప్యుసాఁయే. లోకము మాత్రము చిరకాలమా కీర్తిని పినెలునకే కట్టబెట్టినది.

ఇంగ్లండున మఱియొక యుదాహరణము గలదు. ప్రధానమంత్రి కుమారుడైన జాన్ పెర్సివల్ 1831లో నొక ప్రైవేటు శాలలో నుంచబడెను. తన యభిప్రాయము నడుగకయే తన దేహముపై సర్వమును జరిపిరని యాతని మొఱ. 1838లోను 1840లోను తన యనుభవమును గ్రంథస్థము చేసి, 1845లో నట్టివారి హక్కులకై స్థాపింపబడిన సంఘమునకు ప్రముఖుడయ్యెను. ఆతనిని శాలకు బంపినవారు బంధువులే యని మరువరాదు. బంధువుల మాట యొక్కటే చాలదు. రోగి మాటయు వలయును.

నేడింగ్లండు వైద్యశాలలు కొన్నింట నుద్యోగార్థిని పరీక్షించు సంఘమున వైద్యులతోపాటు పూర్వరోగులును, ఇంట రోగిని గాచు బంధువులును గూర్చుండుచున్నారు. అర్ధరాత్రమున రోగి భయపడి కేకలు వేసిన నేమి చేయుదువని వారడుగుదురు. బిరుదపత్రము జూపని దానిని ఆ ప్రత్యుత్తరము చూపును.

మతి చెదరినవానికి పరీక్షించు శక్తి యెక్కడిదని కొంద రాక్షేపింతురు. చిత్తరోగమందఱికిని యావజ్జీవము నిలుచునది గాదు. అది వచ్చిపోవుటయు గలదు. వైద్యుని శాస్త్రజ్ఞానమును వైద్యుడే తూచుగాక. కరుణను దూచుటకు దాని లేమివలన బాధపడినవాడు తగడా? తనదాకా వచ్చినగాని తెలియదని మనవారి సామెత. అయినను పీటవేసి కూర్చుండబెట్టి, మార్కులువేయు నధికార మీయకున్న నది వట్టి వేడుకయే యగును.

మన దేశమున 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము పునర్విచారణ మండలులలో రెండు స్థానములను రోగులకు, సంరక్షకులకు, వారి సంస్థల ప్రతినిధులకు నుద్దేశించినది. ఇది శుభము. కాని యుపచారకుల నియామక మా మండలుల పని గాదు. విశాఖపట్టణమునందును, హైదరాబాదు ఎఱ్ఱగడ్డయందును గల శాలలలో నియామకములు జరుగునపు డొక కుర్చీ పూర్వరోగికి, ఒకటి సంరక్షకునకు వేయవలెనని మేము గోరుచున్నాము. వ్యయము స్వల్పము. ఫలమో, తలుపు మూసిన గదిలో నోరులేనివానిపై బడు చేయి యెట్టిదో ముందుగా దెలియుట.