తెలకపిండి పోయిన దారి

గానుగలో వేసిన గింజ రెండు దారులుగా వెడలును. నూనెకు వెల కట్టుటయందు మన మెన్నడును ఏమరలేదు. పిండి ఎచటికి పోవుచున్నదో మాత్రము చాల కాలము ఎవరును విచారింపలేదు.

నూనెలో నుండునవి కర్బనము, ఉదజని, ప్రాణవాయువు. ఇవి గాలినుండియు నీటినుండియు పైరునకు లభించినవే. పైరు గింజలో కూడబెట్టిన నత్రజని దాదాపు అంతయు పిండియందే నిలుచును. వేరుసెనగ పిండిలో నూటికి సుమారు 7 పాళ్లు, ఆముదపు పిండిలో 4 పాళ్లు నత్రజని కలదు. కనుక నూనె నమ్మి పిండిని చేనికి చేర్చిన రైతు పెద్దగా నష్టపడడు. గింజను గింజగానే అమ్మినవాడు తన నేలసారమును గూడ బండి కెక్కించినవాడగును.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున మన తీరమున జరిగిన దిదియే. చెన్నపట్టణము, పుదుచ్చేరి రేవులనుండి వేరుసెనగ ఓడలకెక్కి ఫ్రాన్సు దేశపు మార్సేల్స్ నగరమునకు పోవుచుండెను. అచట నూనె సబ్బులకును, పిండి పరదేశపు పశువులకును, పొలములకును చెందెను. 1889లో మన దేశమునకు వచ్చిన ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ అగస్టస్ వోల్కర్, 1893లో వెలువడిన నివేదికలో, నూనెగింజల యెగుమతితో భూసారము దేశము దాటిపోవుచున్నదని హెచ్చరించెను. ఓడలు మాత్రము ఆగలేదు.

గాలిలోని నత్రజనిని పట్టు ఉపాయములు రెండును జర్మనీలోనే వెల్లడియయ్యెను. పప్పుజాతి మొక్కల వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులు ఆ పని చేయునని 1886లో హెల్‌రీగెల్ ప్రకటించెను. 1909లో హేబర్ ప్రయోగశాలలో అమ్మోనియా నుత్పత్తి చేయగా, 1913లో ఒప్పావు కర్మాగారము పనికి దిగెను. మన సింద్రీ కర్మాగారమున ఎరువుల తయారీ 1951లో ఆరంభమయ్యెను.

వేరుసెనగకు బుడిపెలున్నవి గదా, ఇక ఎరువేల యని కొందరందురు. ఆ బుడిపెలు పనికి వచ్చుటకు సుమారు మూడు వారములు పట్టును. అంతవరకు ఆధారముగా, విత్తునపుడు హెక్టారునకు సుమారు 20 కిలోల నత్రజని చాలును. అంతకుమించి కుమ్మరించినచో బుడిపెలు కట్టుటయే తగ్గును. వేరొక పొరపాటు గూడ కలదు. గింజతోపాటు కట్టెను గూడ పశువులకై ఇంటికి చేర్చినచో, నేలను బాగుచేయు పైరను పేరు మిగులును గాని సారము మిగులదు. ఆ పశువుల పేడ మరల ఆ చేనికే చేరవలెను. సేద్యము తెలిసిన శ్రోతలకు ఇది క్రొత్త మాట కాదు.

నువ్వులకు, ఆముదమునకు బుడిపెలే లేవు. వానికి నత్రజని బయటినుండి రావలసినదే. ఆముదపు పిండి విషపూరితము గావున పశువులు తినరాదు, ఎరువుగానే పనికివచ్చును. అట్లుండియు, నల్లగొండ, మహబూబునగరు జిల్లాల ఎర్రచెలకలలో పండిన గింజల పిండి, వెలపెట్టి కొనగల చెరకుతోటల వంటి తరిభూములకే తరచు పోవుచుండెను. మార్సేల్స్ చాల దూరము, చెరకుతోట దగ్గర. చెలకకు మాత్రము రెండును ఒకటే.