లంకాయాత్రకు ముందు

శ్రీలంకను చూడబోవువారు సాధారణముగా పటమును ముందు పరచుకొని, తమకున్న దినములను ఊళ్ళకు పంచుదురు: అనూరాధపురమునకు ఒక దినము, సీగిరియకు ఒకటి, కండికి రెండు, మిగిలినవి కొండలకును సముద్రతీరమునకును. ఇది తప్పు కాదు. కాని 25,000 చదరపు మైళ్ళకు కొంచెము మించిన ఆ ద్వీపమును ఇంత పచ్చగా చేసినవారెవరు అని ముందుగా ప్రశ్నించుకొన్నచో, ఆ పంపకము మరియొక రీతిగా నుండును. ఆ పచ్చదనమంతయు ప్రకృతి ఇచ్చినదే యని తలచి తిరిగివచ్చినవాడు సగము దేశమును చూడనట్లే.

మొదట ఋతువులను గమనింపవలెను. నైరృతి ఋతుపవనము మే నుండి సెప్టెంబరు వరకు నైరృతి తీరమును, నడుమనున్న కొండల పడమటి వాలులను తడుపును. ఉత్తర, తూర్పు భాగములకు ముఖ్యముగా అక్టోబరు నుండి జనవరి వరకు కురియు వానలే ఆధారము. తరువాత దీర్ఘమైన ఎండకాలము. ప్రాచీన రాజధానులైన అనూరాధపురము, పొలన్నరువ రెండును ఈ మెట్టసీమలోనే వెలసినవి. వాన నీటిని నిలుపనేర్చినందువలననే అచట రాజ్యములు నిలిచినవి.

కావున యాత్రను అనూరాధపురముతో ఆరంభించుట మేలు. క్రీస్తుపూర్వపు కాలమునుండి 10వ శతాబ్ది చివర చోళుల దండయాత్ర వరకు, వేయి సంవత్సరములకు పైగా, అది రాజధాని. యాత్రికులు మహాబోధికిని స్తూపములకును మ్రొక్కి మరలుదురు. ఆ నగరమును పోషించిన చెరువులను కూడ చూడవలెను. 5వ శతాబ్దిలో ధాతుసేన మహారాజు కళావాపిని కట్టించెను. దానినుండి నగరమునకు నీరు తెచ్చిన జయగంగ కాలువ పొడవు 50 మైళ్ళకు పైమాట. మొదటి 17 మైళ్ళలో దాని వాలు మైలుకు 6 అంగుళములు మాత్రమే.

ఈ ధాతుసేనుని అంత్యదశను చూళవంశము వర్ణించుచున్నది. కుమారుడైన కాశ్యపుడు రాజ్యమును అపహరించి, దాచిన ధనము చూపుమని తండ్రిని నిర్బంధించెను. తండ్రి తన్ను కళావాపికి కొనిపొమ్మని కోరి, అందు స్నానమాడి, తనకున్న ధనమంతయు ఆ నీరేయని చూపెనట. కాశ్యపుడు తండ్రిని చంపించి, ఆ భయముతోనే సీగిరియ శిలపై కోట కట్టుకొని 477 నుండి 495 వరకు ఏలెను. నేడు యాత్రికుల పట్టికలలో సీగిరియ లేకుండుట అరుదు, కళావాపి ఉండుట అరుదు. శిలపైనున్న చిత్రములు మనోహరములే. కాని కోట ఆ రాజుతోనే పాడుపడినది. చెరువు 19వ శతాబ్దిలో పునరుద్ధరింపబడి నేటికిని పొలములను తడుపుచున్నది.

పొలన్నరువలో పరాక్రమబాహువు (1153–1186) విస్తరింపజేసిన పరాక్రమ సముద్రమును చూచి, కండికి ఎక్కవలెను. దంతధాతు మందిరముగల ఆ నగరమును 1739 నుండి ఏలినవారు మధురనుండి వచ్చిన, తెలుగు మూలముగల నాయకరాజులు. వారిలో తుదివాడైన శ్రీవిక్రమ రాజసింహుని ఆంగ్లేయులు 1815లో పదచ్యుతుని గావించి, వేలూరునకు పంపిరి. 1832లో ఆయన అచటనే మరణించెను. రాజు పోయిన పిమ్మట ఆ కొండలు క్రమముగా తోటల యజమానుల వశమైనవి.

వారు అడవులు నరికించి మొదట కాఫీ వేసిరి. 1869లో తలయెత్తిన తెగులు కాఫీని నాశనము చేయగా, 1867లో జేమ్స్ టేలర్ 19 ఎకరములలో నాటిన తేయాకు దాని స్థానమునాక్రమించెను. నాటినది, కోసినది తమిళనాటి కూలీలు. 1948 నాటి పౌరసత్వ శాసనము వారిలో అత్యధికులను ఏ దేశమునకును చెందనివారిగా చేసెను. 1964లో శాస్త్రి, సిరిమావో బండారనాయకలు కుదుర్చుకొన్న ఒప్పందము 5,25,000 మందిని భారతదేశమునకు, 3,00,000 మందిని సింహళమునకు పంచి, 1,50,000 మంది సంగతిని తరువాతకు విడిచెను. అచట మిగిలినవారికి సంపూర్ణ పౌరసత్వము 2003 శాసనముతోగాని లభింపలేదు.

కండినుండి బదుళ్ళకు పోవు రైలు ఈ తోటలమీదుగనే సాగును. కిటికీనుండి చూచినంత మాత్రమున అది తివాచీవలె తోచును. ఒక పూట దిగి, కూలీల ఇండ్ల వరుసల ప్రక్కగా నడచినప్పుడు మనుష్యులు కనబడుదురు. పట్టికలో ఆ నడకకు ఒక పూటయు, కళావాపి గట్టునకు ఒక పూటయు కేటాయించుకొన్న పిదపనే తక్కిన దినములను ఊళ్ళకు పంచవలెను.