పలుచని పొరలో ఎండ

నత్త వీపున కంప్యూటరును అతికించి అడవిలో విడిచిరని చదివినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. తాహితి దీవిలో 1970ల నాడు తెచ్చి విడిచిన వేటనత్తలు దేశవాళీ నత్తలను ఊడ్చిపెట్టగా, తెల్లచిప్ప జాతి యొకటి ఎట్లు బ్రదికినదో తెలిసికొనుటకై మిషిగన్ విశ్వవిద్యాలయమువారు బియ్యపుగింజంత యంత్రములను వేటనత్తల చిప్పలపైనను, తెల్లనత్తలు విశ్రమించు ఆకులపైనను అంటించిరి. యంత్రమునకు అన్నము పెట్టు సౌరఘటమే, ఎంత చురుకుగా విద్యుత్తును నింపుచున్నదను లెక్కచేత, వెలుతురును కూడ కొలిచెను. వేటనత్త ఓర్వజాలని ఎండయే తెల్లనత్తకు పెట్టనికోట యైనదని 2021లో ప్రకటించిరి. చాళ్లు కలిసిన ప్రత్తిచేలో అడుగుకొమ్మలకు ఎండ సోకక కాయ కుళ్లునని మా చిలకలూరిపేట రైతులెరుగుదురు. ఎంత సోకినదో ఆకు ఆకుకు కొలిచి చూపు ఇట్టి సాధనము లాం పరిశోధనాక్షేత్రమునకు రావలెనని నా కోరిక.

ఈ సౌరఘటముల వంశమున మనకు చిరపరిచితమైన దొకటి కలదు. గుంటూరు మిర్చియార్డులో టిక్కీలు కాటాకెక్కి దిగిన పిదప గుమాస్తా నొక్కు కాలిక్యులేటరుపై, మీటలకు ఎగువనుండు ముదురురంగు పట్టీ, 1976లో ఆర్.సి.ఎ. ప్రయోగశాలలో కార్ల్‌సన్, రాన్‌స్కీలు వెల్లడించిన స్ఫటికరూపము లేని సిలికాను పొరకు సంతానము. జపాను సాన్యో సంస్థ 1980లో దానిని కాలిక్యులేటర్లలోనికి తెచ్చెను.

అయినను నా మనస్సు 1883 నాటి న్యూయార్కునే విడువదు. చార్లెస్ ఫ్రిట్స్ అనునతడు లోహపు పలకపై సెలీనియమును కరగించి పలుచగా పరచి, దానిపై బంగారురేకును కప్పెను. ఆ రేకు ఎంత పలుచనిదనగా, దీపమునకు అడ్డుపెట్టినచో దానిగుండ ఆకుపచ్చని వెలుగు దిగును. పడిన ఎండలో సుమారు నూటికొక పాలు మాత్రమే విద్యుత్తయినను, బొగ్గుతో తిరుగు యంత్రములకిది పోటీ కాగలదని అతడు నమ్మెను. అతడు పంపిన ఘటములను చూచి బెర్లినులో వెర్నర్ సీమెన్స్ అంతటివాడు మెచ్చుకొనెను. కాని వెలుగు విద్యుత్తెట్లగునో చెప్పు శాస్త్రము అప్పటికింకను పుట్టలేదు. ఐన్‌స్టీన్ వివరణ 1905లో గాని రాలేదు. లోకము బొగ్గుపొగనే వరించినది. ఒక మనుష్యుని ఆయుర్దాయమంత ఎండ వ్యర్థమైపోయెనే యని నాకు నేటికిని బాధ.

1954లో బెల్ ప్రయోగశాల సిలికాను ఘటము వచ్చినది. మరుసటి యేడు దానిని, ప్రత్తియు వేరుసెనగయు పండు జార్జియా రాష్ట్రమున, అమెరికస్ ఊరివద్ద పల్లె టెలిఫోనుకు తగిలించి చూచిరి.

ఇక నేటి సూక్ష్మయంత్రముల సంగతి. కంప్యూటరు చిప్పు ప్రక్కన ఘటమును పెట్టుట వేరు, చిప్పుమీదనే పొరలుగా పేర్చుట వేరు. వేడి మితిమీరినచో చిప్పులోని సన్నని లోహపుతీగలు చెడును. మంచి ఘటము ఏర్పడుటకో వేడి కావలెను. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయమున ష్మిట్స్ బృందము 2010లో ఈ వేడిని అదుపులో నుంచి, సిద్ధమైన చిప్పులపై రెండు తెగల ఘటములను పేర్చి, చిప్పులు యథాప్రకారము పనిచేయుట చూపెను. ఒకటి స్ఫటికరూపము లేని సిలికాను. రెండవది రాగి, ఇండియము, గాలియము, సెలీనియముల కూడిక. ఫ్రిట్స్ కరగించిన ఆ సెలీనియమే! ఈ రెండవ తెగ పొరలపై తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగమువారు ఏండ్ల తరబడి పరిశోధన సాగించిరి.