విదేశీ విద్యార్థులకు గడువుల పరీక్ష: సాయానికి హద్దు ఎక్కడ?

జంషెడ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న ఆదిత్యపూర్‌లోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (ఎన్‌ఐటీ) 1960లో ప్రాంతీయ సంస్థగా మొదలై, 2002లో ప్రస్తుత హోదా పొందింది. విదేశాల్లో చదివిన విద్యార్థులు ఎన్‌ఐటీల్లో ‘డాసా’ పథకం కింద చేరవచ్చు. వీరిలో విదేశీ పౌరులతోపాటు ప్రవాస భారతీయుల పిల్లలూ ఉంటారు. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల సంతానానికి రుసుములో రాయితీ ఉంది. అక్కడి తెలుగు కుటుంబాలకు ఇది తెలియదగిన విషయం.

చేరిన తొలి వారాలే కఠినమైనవి. 180 రోజులకు మించిన వీసాపై వచ్చిన విదేశీయులు 14 రోజుల్లోగా అధికారుల వద్ద నమోదు చేసుకోవాలి. వసతిగృహం, బ్యాంకు ఖాతా పనులు సరేసరి. అదే సమయంలో మొదటి అసైన్‌మెంట్లూ వచ్చిపడతాయి. ఏడాది చివరి పరీక్షకే అలవాటుపడినవారికి, సెమిస్టర్ పొడవునా మార్కులు పోగయ్యే పద్ధతి ఆలస్యంగా బోధపడుతుంది. ఇది తెలివితేటల లోపం కాదు.

గడువు దాటాక చెప్పే కారణం కంటే, దాటకముందు ఆచార్యుడికి రాతపూర్వకంగా చేసే వినతికే విలువ ఎక్కువ. అనారోగ్యమైతే వైద్య పత్రం జతచేయాలి. సహాధ్యాయితో చర్చించడం చదువులో భాగమే. అతడి జవాబును ఎత్తిరాయడం కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పీజీ, పరిశోధన స్థాయి సిద్ధాంత వ్యాసాల్లో 10 శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదు. 10 నుంచి 40 శాతమైతే సవరించి ఆరు నెలల్లోగా మళ్లీ సమర్పించాలి. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

డబ్బు తీసుకుని వ్యాసాలు రాసిచ్చే దుకాణాలు గడువు భయం మీదే బతుకుతాయి. ఇలాంటి సేవలను ఆస్ట్రేలియా 2020లో, ఇంగ్లండ్ 2022లో చట్టంతో నిషేధించాయి.

తెలుగు విద్యార్థులు పెద్దసంఖ్యలో వెళ్లే అమెరికాలో మరో వెసులుబాటు ఉంది. ఆంగ్లంలోనో, అక్కడి బోధన పద్ధతితోనో తొలినాళ్లలో ఇబ్బంది పడే ఎఫ్‌-1 వీసాదారులకు కోర్సు భారం తగ్గించే అధికారం విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారికి ఉంది. అయితే ఆ అనుమతి కోర్సు వదులుకోకముందే తీసుకోవాలి. ముందే వదిలేస్తే వీసా హోదాకే ముప్పు.