హైదరాబాదుకు దగ్గరి సముద్రం ఏది?

సెలవులు వచ్చినా, కార్తీకమాసం వచ్చినా మా కొత్తపేట ఇళ్ళల్లో తప్పకుండా వినపడే ప్రశ్న ఒకటుంది. "ఒక్క పగలు సముద్రం దగ్గర గడిపి రావాలంటే ఎటు వెళ్దాం?" విశాఖపట్నం అంటే కనీసం మూడు రోజులు కావాలి. గోవా అంటే ఖర్చు గుర్తొస్తుంది. కాబట్టి చివరికి మిగిలేవి మూడు పేర్లు. బాపట్ల దగ్గర సూర్యలంక, చీరాల దగ్గర వాడరేవు, మచిలీపట్నం దగ్గర మంగినపూడి. దేనికి వెళ్ళినా మన దగ్గర్నుంచి మూడు వందల కిలోమీటర్ల పైమాటే. ఎల్బీనగర్‌లో రాత్రి బయల్దేరితే తెల్లవారేసరికి చేరతాం. పగలంతా ఉండి మళ్ళీ రాత్రికి బండెక్కాలి. అంటే రెండు రాత్రుల ప్రయాణం, మధ్యలో ఒక్క పగలు సముద్రం.

మా ఇంట్లో ఈ విషయంలో ఎవరి కోరిక వారిది. పిల్లలకు పెద్ద అలలు కావాలి. అత్తయ్యకు కార్తీక పౌర్ణమి నాడు సముద్ర స్నానం కావాలి, మోకాళ్ళ నొప్పులున్నా సరే. మా వారికి రోడ్డు బాగుండాలి. నేనేమో తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, ఊరి పేరు వినగానే దాని వెనకున్న కథ వెతకడం మొదలుపెడతాను. అలా వెతికితే తెలిసిన సంగతి ఏమిటంటే, "మనకు దగ్గరి సముద్రం ఏది?" అన్న ప్రశ్న మన ఇళ్ళల్లో పుట్టింది కాదు. ఓరుగల్లులో కూర్చున్నవారూ, గోల్కొండలో కూర్చున్నవారూ ఇదే అడిగారు. సముద్రం లేని చోట రాజ్యం చేసేవారికి సముద్రం అవసరం మరీ ఎక్కువ.

ఓరుగల్లు వారి రేవు

మొదటి జవాబు మోటుపల్లి. వాడరేవుకు దక్షిణంగా, చినగంజాం దగ్గర ఉన్న ఊరిది. ఇప్పుడు చిన్న పల్లె. కాకతీయుల కాలంలో మాత్రం పెద్ద రేవుపట్నం. దానికి దేశియకొండపట్టణం అని మరో పేరు కూడా ఉండేది. గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం గురించి చాలామంది బడిలో ఒక్క ముక్కగా చదివే ఉంటారు. అందులో ఏముందో చూస్తే మనసు కరుగుతుంది.

అంతకుముందు రాజులకు ఒక అలవాటుండేదట. ఎక్కడికో వెళ్తున్న ఓడ గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజు సొంతం చేసుకునేవాడు. బతికి బయటపడ్డ వర్తకుడు ఒడ్డున కట్టుబట్టలతో నిలబడాల్సిందే. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవారికి ధనం ప్రాణంతో సమానమని తలచి, మామూలుగా కట్టే సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోనని రాతి మీద మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, వక్కలు, ఏ సరుకుకు ఎంత కట్టాలో కూడా రాయించాడు.

అది దయే, వ్యాపారం కూడా. ఓరుగల్లు సముద్రానికి ఎంత దూరమో తెలిసిన రాజు కాబట్టి, ఒడ్డుకొచ్చినవాణ్ణి భయపెడితే మళ్ళీ రాడని ఆయనకు తెలుసు. ఆ తర్వాత మార్కో పోలో ఈ రేవును ముట్ఫిలి అన్న పేరుతో తన పుస్తకంలో చెప్పాడు. ఈ దేశాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందని, ఇక్కడ వజ్రాలూ సాలెగూడంత సన్నని బట్టలూ దొరుకుతాయని రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా అదే ఊళ్ళో, వర్తకులను రమ్మని పిలుస్తూ మరో శాసనం వేయించాడు. శ్రీనాథుడి హరవిలాసం అంకితం తీసుకున్న అవచి తిప్పయసెట్టి కుటుంబం ఓడల మీద వ్యాపారం చేసినవారే. మా క్లాసులో ఆ పద్యాలు చదువుతున్నప్పుడు కర్పూరం, కస్తూరి, చీనాంబరాలు అంటే కవి గొప్ప కోసం పోగేసిన మాటలనుకునేవాళ్ళం. మోటుపల్లి సుంకాల పట్టిక చూశాక, అవి రేవులో దిగిన సరుకుల పేర్లని అర్థమవుతుంది.

మన ఇంటి ముందు రోడ్డు

రెండో జవాబు బందరు. అంటే మచిలీపట్నం. పారసీక భాషలో బందర్ అంటేనే రేవు. గోల్కొండ కుతుబ్‌షాహీలకు అదే సముద్ర ద్వారం.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ మీదుగా మనం రోజూ దాటే విజయవాడ హైవేకి ఇప్పటి నంబరు 65. పుణె దగ్గర మొదలయ్యే ఆ రోడ్డు మచిలీపట్నంలో ముగుస్తుంది. ఒకప్పుడు పళ్ళ మార్కెట్‌కు మామిడికాయల లారీలు బారులు తీరిన రోడ్డు, ఇప్పుడు మెట్రో స్తంభాల కింద హారన్లు మోగే రోడ్డు, ఎటూ మళ్ళకుండా పట్టుకుపోతే బందరుకే పోతుంది. గోల్కొండ నుంచి బందరుకు వెళ్ళే పాత బాట కూడా ఈ వైపు నుంచే సాగేది. హయత్‌నగర్ పేరు హయత్ బక్షీ బేగంది. నగరం కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు ఆమె, అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. అక్కడ మసీదు చుట్టూ బాటసారులు దిగడానికి కట్టిన సరాయి గదులు ఈనాటికీ కనిపిస్తాయి. పక్కనే హాథీ బావిగా పిలిచే పెద్ద దిగుడుబావి ఉంది. బందరు ప్రయాణంలో మనం నీళ్ళసీసాలు కొనుక్కునే చోటే, వాళ్ళు ఎద్దులకు నీళ్ళు పెట్టుకునేవారన్నమాట.

1652లో బందరులో ఓడ దిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, గోల్కొండ నుంచి బందరు 100 కోసుల దూరమని లెక్క చెప్పాడు. కొండలు, చెరువులు, ఏరులు అడ్డం కాబట్టి బండ్లు నడవడం కష్టం. సరుకంతా ఎద్దుల మీద, గుర్రాల మీద వెళ్ళాలి. గొప్పవాళ్ళు పల్లకీల్లో వెళ్ళేవారు. ఆ రేవు నుంచి పెగూకు, సయాముకు, హుర్ముజ్‌కు, మక్కా వెళ్ళేవారికి ఓడలు కదిలేవి. 1611లో ఇంగ్లీషువాళ్ళు కోరమాండల్ తీరంలో మొదటి కోఠీ పెట్టింది బందరులోనే. డచ్చివాళ్ళు వారికంటే ముందే వచ్చారు. పెడన కలంకారీ అద్దకాలు ఈ దారినే దేశాలు దాటాయి.

ఈ బాట మీద సముద్రం దాకా వెళ్ళిన గోల్కొండ ప్రభువు ఉన్నాడు. మన తానీషా, భక్త రామదాసు కథలో తానీషానే. 1678 ప్రాంతంలో ఆయన బందరు వైపు వెళ్తూ దారిలో భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి, కూచిపూడి గ్రామాన్ని వారికి దానంగా ఇచ్చాడని కూచిపూడి వారి సంప్రదాయం చెబుతుంది. పామర్రు దగ్గర హైవే దిగి పక్కకు తిరిగితే ఆ ఊరు ఇప్పటికీ మన దారిలోనే.

సముద్రం చేజారింది

1759లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివారి నుంచి బందరు కోట పట్టుకున్నారు. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు నిజాం చేతుల్లోంచి పోయాయి. 1788లో గుంటూరు సర్కారు కూడా వెళ్ళిపోయింది. దాంతో హైదరాబాదుకు సముద్రం లేకుండా పోయింది. 1802లో చేసుకున్న వర్తక ఒప్పందంలో బందరు రేవును వాడుకునే వీలు కాగితం మీద ఇచ్చారు కానీ, అప్పటికి బందరు ప్రభ తగ్గిపోయింది. చివరి నిజాం 1947 నాటికి పోర్చుగీసువారితో గోవా రేవు కోసం మంతనాలు జరిపించాడంటే, ఆ లోటు ఎంత బాధించిందో ఊహించవచ్చు.

తర్వాత రైలు వచ్చింది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు దారి కలిసింది. ఆ దారిలోనే బాపట్ల, చీరాల స్టేషన్లున్నాయి. సూర్యలంక, వాడరేవు మన నోళ్ళలో పడడానికి పెద్ద కారణం ఈ పట్టాలే.

సరదా ఎప్పుడు మొదలైంది?

పాతకాలం ఇళ్ళల్లో సముద్రం దగ్గరికి ఊరికే పోయేవారు కాదు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదని శాస్త్రం. మా అత్తయ్య ఇప్పటికీ అదే పాటిస్తారు. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, గ్రహణం ఇలా ఒక కారణం ఉండాలి. ఒడ్డున కూర్చుని గాలి పీల్చడం కోసం ప్రయాణం చేయడం ఇంగ్లండులో 1750ల తర్వాత బాగా పెరిగింది. బ్రైటన్ దగ్గర రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రపు నీళ్ళలో స్నానం ఆరోగ్యమని రాయడంతో జనం ఎగబడ్డారు. ఆ అలవాటుతో వచ్చిన దొరలు మన తీరాల్లోనూ షికారు దారులు వేశారు. మద్రాసు మెరీనా బాట 1884 నాటిది.

అత్తయ్యది పుణ్యం, పిల్లలది సరదా, రెండూ ఇప్పుడు ఒకే ఒడ్డున కలుస్తున్నాయి. కార్తీక పౌర్ణమి నాడు సూర్యలంకలో, మంగినపూడిలో దీపాలు వదిలేవారి పక్కనే బంతాట ఆడేవారు ఉంటారు.

ఓడకు పనికిరానిది పిల్లలకు పనికొచ్చింది

చరిత్ర చదివితే బీచి ఎంచుకోవడంలో ఉపయోగమేమిటని మా వారు అడిగారు. ఉంది.

బందరు దగ్గర సముద్రం చాలా దూరం దాకా లోతుండదు. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు ఒడ్డున పేరుకుంటుంది. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ళ దూరంలో లంగరు వేసేవి. సరుకును చిన్న పడవల్లో దించుకోవాల్సి వచ్చేది. లోతైన రేవులు వేరేచోట వచ్చాక బందరు వెనకబడడానికి ఇదొక పెద్ద కారణం. 2023 మేలో మంగినపూడి దగ్గరే తపసిపూడిలో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. అక్కడా ఓడల కోసం సముద్రాన్ని తవ్వాల్సిందే.

కానీ రేవుకు శాపమైన ఆ లోతులేని నీరే, స్నానానికి వచ్చే ముసలివాళ్ళకూ చిన్నపిల్లలకూ వరమైంది. మంగినపూడిలో ఇసుక తెల్లగా మెరవదు. నేల నల్లని ఒండ్రు, నీళ్ళు బురదగా ఉంటాయి, కొత్తవాళ్ళు చూసి పెదవి విరుస్తారు. అయినా మెల్లగా దిగే నేల కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవారు చేయి పట్టుకుని నడవగలరు. పక్కనే దత్తాశ్రమం, పన్నెండు బావుల స్నానం ఉన్నాయి. సూర్యలంకలో ఇసుక అందం, అలల హోరు ఎక్కువ. ఫొటోలకు అదే బాగుంటుంది. వాడరేవులో మత్స్యకారుల పడవలు, వలలు చూడొచ్చు. అయితే సూర్యలంక, వాడరేవుల్లో స్నానానికి దిగి కొట్టుకుపోయిన కుర్రాళ్ళ వార్తలు దాదాపు ప్రతి ఏడూ చదువుతున్నాం. ప్రమాదాలు జరిగినప్పుడు అధికారులు కొన్నాళ్ళు ఎవరినీ దిగనివ్వరు. బయల్దేరే ముందు ఆ సంగతి కనుక్కోవాలి.

లోతు లేదని ధీమా కూడా వద్దు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చి సుమారు ముప్పై వేల మందిని తీసుకుపోయింది. తుఫాను నీటిని ఎత్తున తోసుకొచ్చేది ఇలాంటి లోతులేని తీరాల మీదికే. 1977 నవంబరు 19న దివిసీమలో వేల మంది పోయారు. మన వయసువారి ఇళ్ళల్లో ఆ రాత్రి గురించి చెప్పే పెద్దలు ఇంకా ఉన్నారు. గమనించండి, రెండూ నవంబరులోనే. మన కార్తీకం వచ్చేదీ ఆ రోజుల్లోనే. అందుకే వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే టికెట్ డబ్బులు పోయినా సరే ఆగిపోవాలి.

మామూలు రోజుల్లోనూ ఒక గుర్తు పిల్లలకు చెప్పండి. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. అక్కడే దిగాలనిపిస్తుంది. ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే దారి అదే కావచ్చు. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదితే అలిసిపోతాం. ఒడ్డు వెంట పక్కకు ఈదుతూ బయటపడాలి. ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో అక్కడి మత్స్యకారులను అడిగితే నిమిషంలో చెబుతారు.

ఇవన్నీ చెప్పాక మా ఇంట్లో ఓటు మంగినపూడికి పడింది. పిల్లలు కొంచెం మూతి ముడిచారు. వాళ్ళ కోసం వేసవిలో సూర్యలంక అని ఒప్పందం చేసుకున్నాం. దారిలో హయత్‌నగర్ సరాయి, కూచిపూడి, పెడన కలంకారీ, వచ్చేటప్పుడు బందరు లడ్డు. మోటుపల్లి శాసనంలో గణపతిదేవుడు ఒడ్డు చేరినవాడికి భద్రత ఇచ్చాడు. ఇంటి నుంచి ఎంతమందిమి వెళ్తామో అంతమందిమీ తిరిగి రావడమే మనం చూసుకోవాల్సిన భద్రత. మీరు ఏ ఒడ్డుకు వెళ్ళినా, అలల కంటే ముందు నేల ఎలా దిగుతోందో చూడండి.